మిరప షెడ్డులో బీట్‌రూట్ సూప్

మొన్న మా ఆసుపత్రి నుంచి, నా తర్వాత డైటీషియన్లుగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేశారు. "మేడమ్, బీట్‌రూట్ సూప్ ఉపయోగాల గురించి గోడకు పెట్టడానికి నాలుగు ముక్కలు రాసివ్వండి. మిరప షెడ్లలో మొదలుపెట్టింది మీరే అంట కదా" అన్నారు. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే నాలుగు ముక్కలతో ఆగలేదు. గోడకు కావలసినవి ఇందులోంచి ఏరుకోండమ్మా. మిగతాది గోడకు పనికిరాదు, మీకు పనికొస్తుంది.

గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లు మీరు చూసే ఉంటారు. సీజన్లో ఆడవాళ్ళు అక్కడ కాయల గుట్టల ముందు కూర్చుని తొడిమలు తీస్తారు, తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తారు. కొత్తవాళ్ళు గుమ్మంలోనే తుమ్ముతారు. అలవాటైన వాళ్ళు ముక్కుకు కొంగు చుట్టుకుని, సాయంత్రం దాకా తల ఎత్తరు.

మా పెద్ద డాక్టరు గారు ఆడవాళ్ళ డాక్టరు. మనిషి ముభావం, చెయ్యి మంచిది. ఒకసారి ఆవిడ అలాంటి షెడ్డులో వైద్య శిబిరం పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరి కంటి కింది రెప్పా లాగి చూశారు. నాకేసి తిరిగి, "సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి" అన్నారు. ఐరన్ మాత్రలు ఇచ్చి వచ్చాం. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మాత్రలు మాకు తొడిమల కుప్పలో కనిపించాయి.

వాళ్ళ తప్పేం లేదు. పొద్దున్నే ఆటో ఎక్కి ఖాళీ కడుపుతో వస్తారు. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. పైగా పొద్దస్తమానం టీ. ఆ టీ ఒంటికి ఐరన్ పట్టనివ్వదు. "టీ మానెయ్యమని చెబుదాం" అన్నాను నేను, చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు.

మా ఆసుపత్రి వంటగది చూసుకునే ఆమెను మేమందరం ఆపా అని పిలిచేవాళ్ళం. ఆమె ఆ మాట విని నవ్వింది. "ఊరికే మానమంటే ఎవరు మానతారు మేడమ్? టీ గ్లాసు లాక్కుంటే చేతిలో ఇంకో గ్లాసు పెట్టాల."

ఆ ఇంకో గ్లాసే బీట్‌రూట్ సూప్. బీట్‌రూట్‌ని తొక్కతోనే ఉడికించి, తర్వాత తొక్క తీసి రుబ్బేది ఆపా. ఉడికిన నీళ్ళు పారబోయనిచ్చేది కాదు. అందులో కందిపప్పు, గుప్పెడు మునగాకు, ఒక టమాటా. దించాక నిమ్మరసం. గర్భిణులకు, రక్తం తక్కువైనవాళ్ళకు కావలసిన ఫోలేట్ బీట్‌రూట్‌లో బాగా ఉంటుంది. ఐరన్ మాత్రం జనం అనుకున్నంత ఉండదు. ఆ లోటును మాత్రా, మునగాకూ, పప్పూ తీర్చాలి, నిమ్మకాయ దాన్ని ఒంటికి పట్టించాలి. పీచు ఉంటుంది, మలబద్ధకం తగ్గుతుంది. రక్తనాళాలను కాస్త వదులు చేసే గుణం కూడా ఉంది కాబట్టి బీపీ ఉన్నవాళ్ళకు కొంత మేలు. అన్నిటికంటే పెద్ద మేలు, మాత్ర వేసుకునే ముందు కడుపులో ఏదో ఒకటి పడడం. ఇక్కడిదాకా గోడకు రాసుకోండి.

ఆ షెడ్డులో ఒక మేస్త్రమ్మ ఉండేది. దర్శి వైపు పల్లె. ఏటా తమ ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, సీజన్ అయ్యేదాకా ఇక్కడే ఉండి పని చేయించి తీసుకుపోయేది. పొడుగాటి మనిషి. షెడ్డు ఈ చివర ఆమె మాట్లాడితే ఆ చివర కాటా దగ్గరి మనిషి తల తిప్పేవాడు. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా నన్ను డాక్టరమ్మా అనే పిలిచేది.

మొదటి రోజు గ్లాసులోకి తొంగిచూసి, "ఏందమ్మా ఇది, పారాణి కలిపి తెచ్చావా?" అంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "తియ్యగా ఏడ్చింది. ఉప్పూ కారం తినే నోళ్ళమ్మా మాయి."

ఆపా గ్లాసులన్నీ సర్దుకుని పోయింది. మర్నాడు వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టి, మిరియాల పొడి దట్టించి తెచ్చింది. మేస్త్రమ్మ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుని, "ఇప్పుడు మనుషులు తాగేదాన్లాగా ఉంది" అంది. ఆ రోజు నుంచి సూప్ బాధ్యత ఆమే తీసుకుంది. ఒక్కొక్కరి ముందూ నిలబడి గ్లాసు ఖాళీ చేయించి, మాత్ర మింగించి, నోరు తెరిపించి మరీ చూసేది.

ఒకనాడు అడిగింది. "ఎర్రంగా ఉందిగదా, తాగితే రగతం పడద్దా డాక్టరమ్మా?"

"రంగు రంగే, రక్తం రక్తమే. ఎరుపుకే రక్తం పట్టేట్టయితే, ఇన్ని మిరపకాయల మధ్య కూర్చున్న మీకు రక్తం తక్కువ ఎందుకవుతుంది?" అన్నాను.

ఆమె చుట్టూ ఉన్న కాయల గుట్టలను చూసి పగలబడి నవ్వింది. "నిజవే, ఈ లెక్కన మేం పగిలిపోవాల."

వారం తిరక్కముందే షెడ్డు గుమస్తా ఫోన్ చేశాడు. "మేడమ్, వెంటనే రండి. ఆడోళ్ళు పనిలో కూర్చోం అంటున్నారు. సూప్ అంతా కాలవలో పోశారు" అన్నాడు. నేనూ ఆపా ఆటోలో పరిగెత్తాం. మేస్త్రమ్మ కోడలు కూడా ఆ ముఠాలోనే పనికి వచ్చేది. అప్పటికి ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. పొద్దున బాత్రూముకు వెళ్ళి, ఎర్రగా వచ్చిందని ఏడుస్తూ బయటికి వచ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు మాకూ అంతే అన్నారు. కడుపులో బిడ్డకు ఏదో అయిందని ఒకరు, కిడ్నీలు కరుగుతున్నాయని ఒకరు, వంటామె ఏం కలిపిందోనని ఒకరు. ఆపా మొహంలో నెత్తురు లేదు.

బీట్‌రూట్ తిన్నాక కొందరికి మూత్రం ఎర్రగా వస్తుందని డాక్టరు గారికీ తెలుసు, నాకూ తెలుసు. ఐరన్ తక్కువైనవాళ్ళలో అది ఇంకా ఎక్కువ. అంటే ఎవరికి ఆ సూప్ అవసరమో వాళ్ళే భయపడతారన్న మాట. నేను చెప్పి ఉంటానని ఆవిడ, ఆవిడ చెప్పి ఉంటారని నేను. మాలాంటి చోట్ల సగం పొరపాట్లు ఇలాగే జరుగుతాయి.

ముందు ఆ పిల్లను డాక్టరు గారి దగ్గరకు పంపించి పరీక్ష చేయించాం. రక్తం కాదు, రంగేనని తేలింది, కడుపులో బిడ్డ బాగానే ఉందన్నారు. ఆ కబురు రాగానే నేను గుమస్తాతో సహా మగవాళ్ళందరినీ బయటికి పంపి, ఆడవాళ్ళందరినీ దగ్గరికి పిలిచాను. దుమ్ము లాగే పెద్ద ఫ్యాన్లు గోలగా తిరుగుతున్నాయి. గొంతు పెంచి చెప్పాను.

"బీట్‌రూట్ రంగు అందరికీ అరగదు. అరగని రంగు మూత్రంలో వచ్చేస్తుంది. దానివల్ల ఏ నష్టం లేదు. భయపడొద్దు."

మేస్త్రమ్మ కోడలి పక్కన నిలబడి ఉంది. అప్పటిదాకా బిగుసుకుపోయిన ఆమె మొహం ఒక్కసారి విప్పుకుంది. "అంటే ఇన్నాళ్ళూ బ్లాక్ అండ్ వైట్ చూసినోళ్ళం, ఇప్పుడు కలర్ టీవీ వచ్చింది. అంతేనా డాక్టరమ్మా?"

షెడ్డంతా నవ్వు. పొద్దుటి నుంచి ఏడుస్తున్న కోడలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల్లోనే నేను రెండో మాట చెప్పాను. "సూప్ మానేసిన రెండు రోజులకు కూడా ఎరుపు పోకపోతే మాత్రం అది రంగు కాదు. నొప్పి లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి రావాలి." ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలలూపారు. నా పని అయిందనుకున్నాను. ఆపా నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

మర్నాటి నుంచి సూప్ మళ్ళీ మొదలైంది. ఈసారి ఎవరూ పారబోయలేదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళను మేస్త్రమ్మే పక్కకు తీసుకుపోయి, "కలర్ టీవీ వస్తది, బెదరమాకండి" అని చెప్పేది. పక్క షెడ్లకూ ఆ మాట పాకింది. ఒక షెడ్డులో నేను నోరు విప్పకముందే ఒకావిడ, "మాకు తెలుసులే మేడమ్, కలర్ టీవీ" అంది. నేను గర్వపడ్డాను. ఆరోగ్యం గురించి చెప్పిన మాట జనం నోట సామెతలా పలకడం మా వృత్తిలో అందరికీ దక్కే భాగ్యం కాదు. సామెత అయ్యేసరికి అందులో ఎంత మిగిలిందో చూసుకోవాలని అప్పుడు తోచలేదు.

ఆ సీజన్ చివర డాక్టరు గారు మళ్ళీ రెప్పలు లాగి చూశారు. రక్త పరీక్షలు చేయించారు. చాలామందిలో రక్తం పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందన్నారు. మేస్త్రమ్మ కోడలికి వాళ్ళ ఊరి దగ్గర కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమమని మేస్త్రమ్మ ఫోన్ చేసి చెప్పింది. "పిలగాడు ఎర్రంగా బీట్‌రూట్ గెడ్డలాగున్నాడు డాక్టరమ్మా" అని నవ్వింది.

రెండో ఏడూ అలాగే గడిచింది. మేస్త్రమ్మకు బీపీ ఉందని తేలింది. సూప్ తాగుతున్నానుగా, మాత్ర మానేస్తానని ఒక పేచీ. "సూప్ మాత్రకు తోడే గానీ మాత్రకు బదులు కాదు" అని నేను కోప్పడితే, "నువ్వేమో మా అత్తలాగా తగులుకున్నావే" అని మాత్ర మింగింది. ఊరికి పోయేటప్పుడు నాచేత రైతు బజారు నుంచి సంచి నిండా బీట్‌రూట్ కట్టించుకుని పోయింది.

మూడో ఏడు సీజన్ మొదట్లో షెడ్డుకు వెళితే, మేస్త్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కనిపించింది. ముఠా పనిలో ఉంటే ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. జాకెట్టు భుజాల మీద వదులుగా వేలాడుతోంది.

"ఏంటమ్మా ఇలా చిక్కిపోయావు?"

"వయసు డాక్టరమ్మా. ఎంతకని పోట్లాడతాం దాంతో."

డాక్టరు గారు ఆమె రెప్ప లాగి చూసి కాసేపు వదల్లేదు. "సూప్ తాగుతున్నావు, మాత్రలు వేస్తున్నావు, మరి రక్తం ఎక్కడికి పోతోంది? ఎక్కడన్నా పోతోందా?"

"లేదమ్మా. ముట్లు ఆగి ఎన్నేళ్ళయిందో."

"దొడ్డికి వెళ్ళినప్పుడు?"

"లేదు."

"మూత్రంలో?"

మేస్త్రమ్మ నా వైపు చూసి నవ్వింది. "అది సూపు రంగే గదమ్మా. కలర్ టీవీ."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. నేను ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. "ఎప్పటినుంచి వస్తోంది?"

"నిరుడు పత్తి తీతల కాణ్ణించి. మధ్యలో పోద్ది, మళ్ళీ వస్తది. నొప్పేం లేదు."

"ఇంటి దగ్గర రోజూ తాగావా సూప్?"

"రోజూ ఏడ దొరుకుద్దమ్మా మా ఊళ్ళో? నువ్వు కట్టించింది అయిపోయినాక, పొదిలి పోయినోళ్ళు ఎవరన్నా తెస్తే తాగేదాన్ని." ఆ మాట అంటూ అంటూనే ఆమె ఆగింది. నా మొహంలో ఏం కనిపించిందో. "ఏందమ్మా?" అంది.

ఉద్యోగంలో నాకు గుర్తుండిపోయిన రోజు అదే. షెడ్డు బయట లారీలోకి మిరప బస్తాలు, మేం టిక్కీలనేవి, ఎత్తుతున్నారు. లోపల ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ పని చేసుకుంటున్నారు. ఆ సందడిలోనే, వెంటనే ఆసుపత్రికి రావాలని ఆమెకు చెప్పాం. ఆ సాయంత్రమే ఆమెను మా బండిలో ఆసుపత్రికి తీసుకొచ్చాం. స్కానింగ్‌లో మూత్రాశయంలో గడ్డ కనిపించింది. అది పెరిగి కిడ్నీల నుంచి వచ్చే దారి మూసేస్తోంది. పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ, ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. ఎర్రగా వచ్చిన తొలి రోజుల్లో వచ్చి ఉంటే చాలా చేయగలిగేవాళ్ళమని అక్కడి డాక్టరు మామూలుగానే అన్నారు. ఆయనకు మా సంగతి తెలియదు.

కిడ్నీలకు గొట్టాలు వేసి, మళ్ళీ మా వార్డుకే పంపారు. ఆమె ఆహారం నేనే రాయాలి. కిడ్నీలు సరిగ్గా వడకట్టలేనప్పుడు ఒంట్లో పొటాషియం పేరుకుని గుండెకు ముప్పు తెస్తుంది. బీట్‌రూట్‌లో, టమాటాలో అది ఎక్కువ. అందరికీ నేను తాగించిన గ్లాసు ఆమెకు వద్దని నేనే రాశాను. ఇది కూడా మీ గోడ మీద ఉండాలమ్మా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఈ సూప్ తాగకూడదు. ఉపయోగాల పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయండి.

"ఆపా చేతి సూపు ఒక గుక్క పోయించు డాక్టరమ్మా, నోరు చప్పబడిపోయింది" అని అడిగింది ఒక మధ్యాహ్నం. ఎందుకు వద్దో చెప్పాను. కాసేపు విని, "నువ్వే తాపితివి, నువ్వే వద్దంటివి" అని కళ్ళు మూసుకుంది. ఆపా వంటగదిలోకి వెళ్ళి పల్చగా జావ కాచి, చల్లార్చి, చెంచాతో తానే తాగించింది.

డాక్టరు గారు నన్ను ఒకసారి గదిలోకి పిలిచి, "ఆ రోజు నువ్వు రెండూ చెప్పావు. నాకు ఆపా చెప్పింది. ఎందుకు ఊరికే కుమిలిపోతావు?" అన్నారు. చెప్పాను. చెప్పానని నాకూ తెలుసు. కానీ నేను భయం పోగొట్టిన మాట రెండేళ్ళు షెడ్డు షెడ్డుకూ తిరిగింది. భయపడాల్సిన చోటు చెప్పిన మాట పుట్టిన చోటే నవ్వుల కింద పడిపోయింది. పనిలో తప్పు జరిగితే దిద్దుకునే దారి ఏదో ఒకటి దొరుకుతుంది. ఒప్పుగా చేసిన పని ఇలా తిరిగితే ఎక్కడ పట్టుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

కొన్నాళ్ళకు, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె వెళ్ళాక నేనూ ఆపా ఒక ఆదివారం బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళాం. చివరి కోత మిరపకాయలు కల్లాల్లో ఆరబోసి ఉన్నాయి. వసారాలో నులక మంచం మీద ఆమె. కోడలు మాకు నీళ్ళు ఇచ్చింది. పిల్లవాడు మంచం పట్టె పట్టుకుని నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. ఆసుపత్రి వాళ్ళు వచ్చారని తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. అందులో ఒకావిడ నన్ను అడిగింది. "మా పిల్లకు ఇప్పుడు ఐదో నెల. రగతం తక్కువుందన్నారు. ఆ సూపేందో ఎట్టా కాయాలో చెప్పి పోమ్మా."

నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి మేస్త్రమ్మ అందుకుంది. గొంతు అరిగిపోయింది గానీ వరస తప్పలేదు. "తొక్క తియ్యకుండా ఉడకెయ్యాల. నీళ్ళు పారబొయ్యమాక. మునగాకు మర్చిపోమాక. నిమ్మకాయ దించినాకే. టీ తాగనియ్యమాక." కాస్త ఊపిరి తీసుకుని, "ఎర్రంగా పోసుకుంటది, బెదరొద్దని చెప్పు. రంగే అది" అంది.

అందరూ నా వైపు చూశారు. మేస్త్రమ్మ కూడా చూసింది. ఆమె ముందు ఆ మాట ఎలా అనను? అనకుండా ఎలా ఊరుకోను? అన్నాను. "సూప్ మానేసిన రెండు రోజులకూ ఎరుపు పోకపోతే అది రంగు కాదమ్మా. నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

మేస్త్రమ్మ దిండు మీద తల నెమ్మదిగా నా వైపు తిప్పింది.

"ఈ మాట అప్పుడు మాకు చెప్పలేదే డాక్టరమ్మా" అంది.

ఆపా చటుక్కున నా మొహంలోకి చూసింది. ఆ రోజు షెడ్డులో నా పక్కనే నిలబడి విన్న మనిషి. ఏదో అనబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లేదమ్మా. చెప్పలేదు" అన్నాను.

"చెప్పి ఉంటే బాగుండేది" అంది మేస్త్రమ్మ, నిష్ఠూరం లేకుండా. ఆ తర్వాత పొరుగావిడ వైపు చూసి, "ఇన్నావుగా, ఇది కూడా చెప్పు మీ పిల్లకి. నవ్వుతా ఇనొద్దని చెప్పు" అంది.